ఒక్క పన్ను

కాశీబుగ్గ రైల్వే గేటుకి ఇవతల,
జీడి బట్టీల పొగ వాలే నా రేకుల షెడ్డులోకి
తాడు కట్టించుకుని వచ్చింది కామేశం తెల్లకారు,
సంతకి రానన్న గేదెలా.

"రెండు సెన్సార్లు మార్పించీసినాను తవిటిబాబూ,
ఒకటి సోంపేటలో, ఒకటి టెక్కలిలో.
అదే లైటు, అదే ఏడుపు.
గట్టు ఎక్కదు. పొద్దున్న తాళం తిప్పితే
ముసిలోడి దగ్గులాగ దగ్గుతాది."

వెనక సీట్లో ఒకామె.
ఒళ్ళో ఆస్పత్రి ఫైలు, దానిమీద రెండు చేతులు.
కిందికి దిగలేదు.

స్కానర్ తగిలించాను.
క్రాంకుది ఒక మాట, కాముది ఒక మాట
అని చెప్పింది, అంతే.
అరిచినవాడి పేరు రాస్తుంది ఆ డబ్బా,
దొంగ పేరు రాయదు.
రాత్రి కుక్క మొరిగిందని
కుక్కని మార్చేసి పడుకున్నారు రెండు ఊళ్ళవాళ్ళు.

కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టాను. ఐదు వోల్టులు, నిండుగా.
వైరుని చెవి మెలేసినట్టు మెలేశాను, అంకె కదల్లేదు.
ఎలుక కొరికిందేమో అని బ్యాటరీ కింద దాకా తడిమాను.
లేదు.
మరి నిజమే చెబుతోంది పాపం, మొదట్నుంచీ.

బెల్టు కవరు నాలుగు బోల్టులు.
నాలుగోది తుప్పు పట్టి అరగంట తినేసింది.
స్పానర్ వేసి క్రాంకుని చేత్తో తిప్పాను, మెల్లగా,
కింద గీత గీతకి కూర్చునేదాకా.
పైకి చూశాను.
పైన గీత కూర్చోలేదు.
ఒక్క పన్ను వెనక.
నా చిటికెన వేలి గోరంత.
కింద తెల్లారిపోయింది,
పైన ఇంకా కోడి కూయలేదు.

పన్ను సరిచేసి డబ్బు తీసుకోవచ్చు.
మళ్ళీ జారుతుంది. ఈసారి రెండు జారితే
వాల్వులు వెళ్ళి పిస్టన్ని ముద్దాడతాయి,
కామేశం ఇంటికి ఈఎంఐ వాళ్ళు వస్తారు.
ఎందుకు జారిందో చూడాలి.
వేలు పెట్టి తుడిస్తే బెల్టంతా నూనె.
పైన సీలు ఎప్పట్నుంచో ఏడుస్తోంది, ఎవరికీ వినపడకుండా,
బెల్టుని బిగించే టెన్షనర్ మెత్తబడిపోయింది.

అప్పుడు దిగిందామె.
మందస వైపు మనిషి, లోలాక్షి.
రెండింటికి డయాలసిస్. కామేశం ఆటో పిలిచాడు.
ఎక్కే ముందు వచ్చి ఇంజను మీదికి వంగింది,
బావిలోకి చూసినట్టు.
వేళ్ళు నల్లగా ఉన్నాయి, నావిలాగే.
పదిహేడేళ్ళు పిక్కలు కొట్టిన నలుపు.

"మూత ఇప్పితే కనిపించీసింది కదా బాబూ.
మాకూ లైటు ఎలిగింది.
నీళ్ళన్నారు, మట్టన్నారు, మందులన్నారు,
పేపర్లో అంకె పెరిగినప్పుడల్లా
పేపరు మార్సీసినారు గానీ
ఎందుకు జారిందో సెప్పినోడు లేడు."

పదో నంబరు స్పానర్ చేతిలోనే ఉంది.
దాన్నే వెతుకుతున్నట్టు కింద కూర్చున్నాను.

శ్రీకాకుళం నుంచి బస్సులో నాలుగింటికి వచ్చాయి
సీలు, బెల్టు, టెన్షనర్.
వేశాక, తాళం ముట్టకుండా
రెండు చుట్లు చేత్తో తిప్పాను. అది నా అలవాటు.
తొందరపడి ఒకసారి ఒకరి ఇంజను పోగొట్టాను, ఆ కథ వేరు.
గీతలు కలిశాయి.
మళ్ళీ తిప్పాను. కలిశాయి.
డాష్‌బోర్డులో మూలుగుతున్న కామేశం మొదటి సెన్సార్ని
దాని చోట దాన్ని పెట్టాను.
బిల్లులో రాశాను: సెన్సార్, తప్పు లేదు.

ఏడింటికి వచ్చిందామె, మోచేతి దగ్గర దూది అంటించుకుని.
ఒక్క తిప్పుకే అందుకుంది ఇంజను.
అద్దం దించి కాసేపు విన్నది.
"సప్పుడు బాగుంది," అంది.
ఎర్రలైటు రెండు వీధులు దాటేదాకా చూశాను.

చేతులు కడుక్కున్నాను.
నాది కిరసనాయిలుకి పోతుంది.